చువ్వ కడగడం చిన్న పని కాదు

సాయంత్రం ఆరు దాటిందంటే మన ఊళ్లలో బస్టాండు దగ్గర, సెంటరులో దీపాలు వెలుగుతాయి. అక్కడ ఒక అద్దాల పెట్టె ఉంటుంది. అందులో చువ్వలకు గుచ్చిన కోళ్లు గుండ్రంగా తిరుగుతూ కాలుతుంటాయి. నూనె బొట్లు బొట్లుగా కారుతుంటుంది. వాసన రోడ్డు మీదికి వస్తుంది. జనం ఆగి కొనుక్కుంటారు.

రాత్రి పదకొండు అయ్యేసరికి కోళ్లు అయిపోతాయి. అప్పుడు ఒక పెద్ద పని మిగులుతుంది. కోళ్లు గుచ్చిన చువ్వలు కడగాలి. నూనె కారిన ట్రే కడగాలి. జాలీలు, మసాలా కలిపిన గిన్నెలు కడగాలి. చాలా చోట్ల ఈ పని చేసేది ఆడవాళ్లే. కొందరు కూలికి చేస్తారు. కొందరు పొదుపు సంఘంలో అప్పు తీసుకుని సొంతంగా బండి పెట్టుకుంటారు. వాళ్లే కాలుస్తారు, వాళ్లే అమ్ముతారు, వాళ్లే కడుగుతారు.

"అంట్లు తోమడమే కదా, అదీ ఒక పనేనా?" అని కొందరు అంటారు. కాని ఆలోచించండి. రేపు ఆ కొట్లో ఎంతమంది పిల్లలు, పెద్దలు తింటారో! వాళ్ల ఆరోగ్యం ఈ రాత్రి కడిగే చేతుల్లోనే ఉంది. అందుకే ఈ పని ఎలా చెయ్యాలో, ఎందుకు అలా చెయ్యాలో తెలుసుకుందాం.

ఏమేమి కడగాలి?

కోడిని గుచ్చే పొడుగాటి కడ్డీని కొందరు చువ్వ అంటారు. కొందరు సీకు అంటారు. కొందరు రాడ్డు అంటారు. మనం చువ్వ అందాం. కోడి జారిపోకుండా రెండు వైపులా ముళ్లు ఉంటాయి. ఆ ముళ్లను బిగించడానికి చిన్న మరలు ఉంటాయి. కింద నూనె పడే ట్రే ఉంటుంది. ముక్కలు కాల్చే కొట్లలో జాలీ ఉంటుంది. నూనె పూసే కుంచె, పట్టుకారు, కత్తి, కోసే చెక్క కూడా ఉంటాయి.

వీటిలో చువ్వ నున్నగా ఉంటుంది. తుడిస్తే శుభ్రమైనట్టే కనిపిస్తుంది. అసలు మురికి దాక్కునేది మరల సందుల్లో, ముళ్ల మొదట్లో, జాలీ తీగలు కలిసే చోట. అక్కడికి మన వేలు పోదు. పచ్చి మాంసం రసం మాత్రం పోతుంది. కొవ్వు పోతుంది. అక్కడే గడ్డకడుతుంది.

నిప్పుకు చావవా?

"రెండు గంటలు నిప్పు మీద కాలింది కదా! క్రిములన్నీ చచ్చే ఉంటాయి. మళ్లీ కడగడం దేనికి?" అని ఒక అక్క అడగవచ్చు. మంచి ప్రశ్నే.

బాగా వేడి తగిలితే చాలా క్రిములు చస్తాయి. అది నిజమే. కాని వేడి అన్ని చోట్లా ఒకేలా తగలదు. కోడి పైన ఎర్రగా కాలినా, లోపల చువ్వను ఆనుకున్న చోట వేడి ఆలస్యంగా చేరుతుంది. తొందరపడి దించేస్తే అక్కడ పచ్చిగానే ఉండిపోవచ్చు. ఆ పచ్చి రసం చువ్వకు అంటుకునే ఉంటుంది.

ఇంకో సంగతి. చువ్వ చల్లారాక ఏమవుతుంది? ఈగ వాలుతుంది. బొద్దింక పాకుతుంది. ఎలుక నాకుతుంది. పచ్చి మాంసం పట్టుకున్న చెయ్యే దాన్నీ పట్టుకుంటుంది. నిప్పు చంపిన క్రిముల చోటికి కొత్త క్రిములు వచ్చి చేరతాయి. వాటికి తిండి కావాలి. చువ్వ మీద మిగిలిన కొవ్వు, మాంసం పీచు, పెరుగు మసాలా వాటికి విందు భోజనం.

ఒక లెక్క వేద్దాం

మనం లెక్కలు నేర్చుకున్నాం కదా. ఇక్కడ ఒక లెక్క వేద్దాం.

క్రిమి కంటికి కనిపించదు. దానికి తిండి, తడి, వెచ్చదనం దొరికితే చాలు. రోగాలు తెచ్చే కొన్ని క్రిములు 20 నిమిషాల్లోనే ఒకటి రెండుగా మారతాయి. అంటే రాత్రి 11 గంటలకు ఒక క్రిమి ఉందనుకోండి. 11 గంటల 20 నిమిషాలకు రెండు. 11 గంటల 40 నిమిషాలకు నాలుగు. 12 గంటలకు ఎనిమిది.

ఇలాగే పెరిగితే ఒంటి గంటకు 64 అవుతాయి. రెండు గంటలకు 512. మూడు గంటలకు 4,096. తెల్లవారి ఆరు గంటలకు 20 లక్షలు దాటుతాయి! ఒక్క క్రిమి ఏడు గంటల్లో ఇంత పని చేస్తుంది. "ఈ పూటకు వదిలేద్దాం, పొద్దున్నే కడుగుదాం" అనుకుంటే జరిగేది ఇదే.

మరీ వేడిలోనూ, మరీ చలిలోనూ ఇవి ఇంత వేగంగా పెరగవు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా ఉండే వేడి వాటికి అనువుగా ఉంటుంది. మన ఎండాకాలం రాత్రులు వాటికి ఎంత సుఖమో చూడండి!

ఇంకా ఒక మాట. కొన్ని క్రిములు పెరిగేటప్పుడు విషం వదులుతాయి. తరవాత ఎంత కాచినా ఆ విషం పోదు. కాబట్టి "రేపు మళ్లీ కాలుతుందిలే" అనుకోవడం పనికిరాదు. క్రిములను పెరగనివ్వకుండా చూడాలి.

ఒక ఊరిలో జరిగింది

2022 మే నెలలో కేరళలో ఒక ఘోరం జరిగింది. కాసరగోడ్ జిల్లాలో చెరువత్తూరు అనే ఊరు ఉంది. అక్కడ ఒక కొట్టులో షవర్మా తిని చాలామంది జబ్బు పడ్డారు. 16 ఏళ్ల ఆడపిల్ల, చదువుకునే పిల్ల, చనిపోయింది. షవర్మా కూడా మాంసాన్ని చువ్వకు గుచ్చి తిప్పుతూ కాల్చేదే. పరీక్ష చేస్తే షిగెల్లా అనే క్రిమి బయటపడింది.

షిగెల్లా మురికి చేతుల వల్ల, మురికి నీళ్ల వల్ల, వాటితో ముట్టుకున్న తిండి వల్ల వస్తుంది. ఒక్క చువ్వ కడగనందుకే ఆ పిల్ల చనిపోయిందని మనం అనకూడదు. కాని తిండి అమ్మేచోట శుభ్రత అంటే ప్రాణాలతో పని. ఆ సంగతి మరిచిపోకూడదు.

ఎప్పుడు కడగాలి?

చువ్వ గోరువెచ్చగా ఉన్నప్పుడే కడగాలి. మరీ వేడిగా ఉన్నప్పుడు వద్దు. పూర్తిగా చల్లారాక వద్దు.

ఎందుకు? వేడిగా ఉన్నప్పుడు కొవ్వు కరిగి ఉంటుంది. చల్లారితే గడ్డకడుతుంది. మేక కొవ్వు తొందరగా, గట్టిగా గడ్డకడుతుంది. కోడి కొవ్వు కొంచెం మెత్తగా ఉంటుంది, కాని జిడ్డు వదలదు. దాని మీద పెరుగు, కారం, మసాలా ఎండితే పెచ్చు కడుతుంది. అప్పుడు అయిదు నిమిషాల పని అరగంట పడుతుంది. చేతులు నొప్పి పుడతాయి.

మరి కాలుతున్న చువ్వను నీళ్లలో ముంచితే? చుయ్యిమని ఆవిరి లేస్తుంది. ముఖం, చేతులు కాలుతాయి. పలచటి ట్రే అయితే వంకర పోతుంది. వేడి అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. కాబట్టి కాసేపు ఆగాలి. చెయ్యి దగ్గర పెట్టి చూడాలి. సెగ తగలకపోతే అప్పుడు ముట్టుకోవాలి.

వరసగా చేద్దాం

మొదటి పని: మిషను ఆపాలి. గ్యాసు అయితే బండ దగ్గరే కట్టెయ్యాలి. కరెంటు అయితే ప్లగ్గు ఊడదియ్యాలి. స్విచ్చి ఆపితే చాలదు. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకూడదు. చువ్వను తిప్పే మోటారు మీద నీళ్లు పొయ్యకూడదు. దాన్ని పిండిన గుడ్డతో తుడవాలి, అంతే.

రెండో పని: అన్నీ విడదియ్యాలి. మరలు విప్పాలి. ముళ్లు బయటికి లాగాలి. చిన్న మరలు పోకుండా ఒక గిన్నెలో వేసుకోవాలి. బిగించి ఉన్నదాన్ని పైపైన కడిగితే కడిగినట్టు కాదు.

మూడో పని: గీకాలి. అంటుకున్న మాంసం, మాడిన పెచ్చు చెక్క గరిటెతో గీకెయ్యాలి. జిడ్డును పాత కాగితంతో తుడిచెయ్యాలి. ఇలా చేస్తే సబ్బు తక్కువ పడుతుంది. నీళ్లూ తక్కువ పడతాయి. కాలువలోకి కొవ్వు పోదు. కొవ్వు కాలువలో గడ్డకట్టి నీళ్లు నిలుస్తాయి. అక్కడే దోమలు, ఈగలు చేరతాయి.

నాలుగో పని: నానబెట్టాలి. ఒక బకెట్టు వేడి నీళ్లలో అంట్ల సబ్బు పొడి కలపాలి. చువ్వలు, ముళ్లు, జాలీలు అందులో అరగంట ఉంచాలి. చువ్వ పొడుగు ఎక్కువైతే బకెట్టులో మునగదు. పెద్ద బేసిన్లోనో, తొట్టిలోనో అడ్డంగా పడుకోబెట్టాలి. నానుతున్న అరగంటలో గిన్నెలు తోముకోవచ్చు. నానితే పెచ్చు తనంతట తానే మెత్తబడుతుంది.

అయిదో పని: తోమాలి. కొబ్బరి పీచు, ఎండిన బీరపీచు ఈ పనికి బాగుంటాయి. మరల సందులకు, ముళ్ల మొదళ్లకు పాత పళ్ల బ్రష్షు వాడండి. ఆ బ్రష్షును ఇంకే పనికీ వాడకండి.

ఆరో పని: కడగాలి. పారే నీళ్లు ఉంటే మంచిది. లేకపోతే రెండు బకెట్లలో మంచి నీళ్లు పెట్టుకోండి. మొదటి బకెట్టులో సబ్బు వదిలించండి. రెండో బకెట్టులో ముంచి తియ్యండి. నీళ్లు మసకబారితే పారబోసి మార్చండి. జిడ్డు నీళ్లలో కడిగితే జిడ్డు మళ్లీ అంటుకుంటుంది.

ఏడో పని: కాచిన నీళ్లు. కడిగిన సామాన్ను కళపెళ కాగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచాలి. పట్టుకారుతో వెయ్యాలి, పట్టుకారుతో తియ్యాలి. సబ్బు మురికిని తీసేస్తుంది. కాగే నీళ్లు మిగిలిన క్రిములను చంపుతాయి. ముందు మురికి పోవాలి, తరవాత కాగే నీళ్లు. మురికి పెచ్చు కింద దాక్కున్న క్రిమికి వేడి సరిగా తగలదు.

ఎనిమిదో పని: ఆరబెట్టాలి. ఇది చాలామంది వదిలేస్తారు. తడి ఉంటే ఇనుము తుప్పు పడుతుంది. తడిలో క్రిములూ పెరుగుతాయి. చువ్వలను నిలబెట్టి నీళ్లు కారనివ్వాలి. మసిగుడ్డతో తుడవకండి. ఆ గుడ్డలో మనం పోగొట్టిన మురికంతా ఉంటుంది. గుడ్డ వాడాల్సి వస్తే, ఉడికించి ఎండలో ఆరేసిన గుడ్డ వాడండి.

తొమ్మిదో పని: దాచాలి. ఈగ, ఎలుక, బొద్దింక రాని చోట పెట్టాలి. నేల మీద పెట్టకూడదు. మూత ఉన్న పెట్టెలో పెట్టవచ్చు. శుభ్రమైన గుడ్డ కప్పి పైన వేలాడదియ్యవచ్చు. మర్నాడు వాడే ముందు ఒకసారి కాగే నీళ్లు పొయ్యండి.

సబ్బు ఏం చేస్తుంది? బూడిద ఏం చేస్తుంది?

నూనె, నీళ్లు కలవవు. ఎన్ని నీళ్లు పోసినా జిడ్డు జారిపోదు. సబ్బు ఒక చేత్తో నూనెను పట్టుకుంటుంది, ఇంకో చేత్తో నీళ్లను పట్టుకుంటుంది. అప్పుడు నీళ్లతోపాటు నూనె కూడా పోతుంది.

మన అమ్మమ్మలు బూడిదతో తోమేవాళ్లు. అది తెలివైన పనే. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. క్షారం కొవ్వుతో కలిసి కొంత సబ్బులా మారుతుంది. బూడిదలోని సన్నటి పొడి రుద్దడానికి పనికొస్తుంది. కాని బూడిద శుభ్రమైనది కావాలి. ప్లాస్టిక్కు కవర్లు, చెత్త కాల్చిన బూడిద వద్దు. మట్టితో తోమడం కూడా వద్దు. మట్టిలో పశువుల పేడ, మనుషుల మలం కలిసి ఉండవచ్చు.

మాడి నల్లబడిన పెచ్చు మామూలు జిడ్డు కాదు. అది బొగ్గు. సబ్బుకు బొగ్గు కరగదు. నానబెట్టి, గీకి, రుద్ది తియ్యాలి. మరీ మొండిగా ఉంటే బకెట్టు వేడి నీళ్లలో ఒక టీ గ్లాసు బట్టల సోడా కలిపి రాత్రంతా నానబెట్టండి. చేతికి రబ్బరు తొడుగు వేసుకోండి.

ఏ సామానుకు ఏది?

అన్ని లోహాలూ ఒకటి కాదు.

ఇనుప చువ్వ: తడి ఉంటే తుప్పు పడుతుంది. కడిగాక సన్నటి సెగ మీద ఆరబెట్టి, వంట నూనె పలచగా రాయాలి.

స్టీలు చువ్వ: సబ్బు, సోడా రెండూ పడతాయి. ఉప్పు నీళ్లలోనూ, బ్లీచింగు నీళ్లలోనూ చాలాసేపు ఉంచకూడదు. ఉంచితే చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటల్లో మురికి చేరుతుంది.

అల్యూమినియం ట్రే: బట్టల సోడా వద్దు. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. ట్రే నల్లబడుతుంది. సబ్బు, పీచు చాలు.

కళాయి పూసిన రాగి, ఇత్తడి గిన్నెలు: గీకకూడదు. కళాయి పోతే పులుపు తగిలి రాగి తిండిలోకి దిగుతుంది. కళాయి పోయిన గిన్నెలో పెరుగు, నిమ్మరసం, మసాలా కలపకూడదు.

కట్టే తీగ: కోడి కాళ్లు కట్టడానికి కొందరు తెల్లగా మెరిసే ఇనుప తీగ వాడతారు. దాని మీద జింకు పూత ఉంటుంది. పులుపు తగిలితే, బాగా వేడెక్కితే ఆ పూత ఊడుతుంది. అది కడుపులోకి పోవడం మంచిది కాదు. స్టీలు తీగ వాడాలి. లేకపోతే శుభ్రమైన నూలు దారం వాడాలి.

వైరు బ్రష్షు వద్దు

జాలీ గీకడానికి కొందరు ఇనుప వైరు బ్రష్షు వాడతారు. పని తొందరగా అవుతుంది. కాని దాని వైర్లు పాతబడితే విరుగుతాయి. వెంట్రుకంత సన్నటి ముక్క జాలీకి అంటుకుంటుంది. మర్నాడు మాంసం ముక్కతోపాటు నోట్లోకి పోతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో ప్రావిడెన్స్ అనే పట్నం ఉంది. 2011 మార్చి నుంచి 2012 జూన్ దాకా అక్కడి ఆసుపత్రిలో ఇలాంటి రోగులను ఆరుగురిని చూశారు. వైరు ముక్క కొందరికి గొంతులో గుచ్చుకుంది. కొందరికి పేగుల్లో గుచ్చుకుంది. స్టీలు పీచు కూడా తునకలు తునకలుగా రాలుతుంది. వాడాల్సి వస్తే తరవాత బాగా కడిగి, వెలుతురులో తిప్పి చూడండి. మనకు కొబ్బరి పీచు ఉంది, బీరపీచు ఉంది. వాటి తునక పడినా గొంతులో గుచ్చుకోదు.

ఈ రెండూ కలపకండి

మురికి వదలకపోతే కొందరు బ్లీచింగు పొడి వేస్తారు. అది చాలదని యాసిడ్డు కూడా పోస్తారు. అలా ఎప్పుడూ చెయ్యకండి! బ్లీచింగు, యాసిడ్డు కలిస్తే క్లోరిన్ అనే విష వాయువు వస్తుంది. కళ్లు మండుతాయి. ఊపిరి ఆడదు. తలుపులు మూసిన చిన్న గదిలో అయితే ప్రాణమే పోవచ్చు. పొరపాటున కలిస్తే వెంటనే బయటికి పరుగెత్తాలి.

బాత్రూం కడిగే యాసిడ్డును అసలు వంట సామాను దగ్గరికే రానియ్యకండి. కాస్టిక్ సోడా కూడా వద్దు. అది చర్మాన్ని కాల్చేస్తుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. ఇలాంటివి కూల్ డ్రింకు సీసాల్లో పోసి పెట్టకండి. పిల్లలు తాగేస్తారు.

నూనె ట్రే దగ్గర జాగ్రత్త

ట్రేలో కారిన నూనెను రోజూ తియ్యాలి. నిన్నటి నూనె మీద ఇవాళ్టి నూనె చేరితే ట్రే నిండుతుంది. సెగ తగిలి ఒక్కసారి అంటుకుంటుంది. అంటుకున్న నూనె మీద నీళ్లు పొయ్యకూడదు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను పైకి చిమ్ముతాయి. మంట ఇంకా పెద్దదవుతుంది. గ్యాసు కట్టెయ్యాలి. పెద్ద మూత గాని పళ్లెం గాని మంట మీద కప్పాలి. గాలి ఆడకపోతే మంట ఆరుతుంది. చల్లారేదాకా మూత తియ్యకూడదు.

ట్రే నూనెను మళ్లీ వంటకు వాడకండి. చల్లారాక కాగితంలోనో పాత డబ్బాలోనో వేసి చెత్తలో వెయ్యండి.

పచ్చిది వేరు, కాలింది వేరు

ఎంత బాగా కడిగినా ఒక్క పొరపాటు చాలు, కష్టమంతా వృథా అవుతుంది. పచ్చి కోడి పెట్టిన పళ్లెంలో కాలిన కోడి పెడితే క్రిములు మళ్లీ అంటుకుంటాయి. కాబట్టి పళ్లేలు రెండు ఉండాలి. కత్తులు రెండు ఉండాలి. కోసే చెక్కలు రెండు ఉండాలి. నూనె పూసే కుంచెలు కూడా రెండు ఉండాలి. పచ్చిదానికి వాడేవాటికి ఎర్ర దారం కట్టండి. చదువు రానివాళ్లకు కూడా గుర్తు తెలుస్తుంది.

కాలిన కోడితోపాటు కొన్ని కొట్లలో మయొనీజు అనే తెల్లటి ముద్ద ఇస్తారు. దాన్ని పచ్చి గుడ్డుతో చేస్తే త్వరగా చెడుతుంది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనీజును ఒక ఏడాదిపాటు నిషేధించింది. ఆ ముద్ద పెట్టిన గిన్నెలో మిగిలినదాని మీదే కొత్తది పొయ్యకూడదు. గిన్నెను ఖాళీ చేసి, కడిగి, కాగే నీళ్లు పోసి, ఆరాకే మళ్లీ వాడాలి.

మన చేతుల సంగతి

ఇంతమంది ఆరోగ్యం కాపాడే చేతులకు ఆరోగ్యం వద్దా?

ముళ్లు గుచ్చుకుంటాయి. చువ్వ మొన గీరుకుంటుంది. సోడా నీళ్లకు వేళ్ల సందులు పాసిపోతాయి. రబ్బరు తొడుగులు వేసుకోండి. చువ్వలను ఒకే వైపు మొనలు ఉండేలా పెట్టండి. నురగ నీళ్లలో చెయ్యి పెట్టి వెతకకండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, కొబ్బరి నూనె రాసుకోండి.

చేతికి గాయం, చీము పొక్కు ఉంటే వాటిలో కూడా క్రిములు ఉంటాయి. నీళ్లు చొరబడని పట్టీ వేసుకోండి, పైన తొడుగు వేసుకోండి. విరేచనాలు అవుతుంటే ఆ రోజు తిండి పనికి వెళ్లకూడదు.

కాలితే వెంటనే చల్లటి మంచి నీళ్లు ధారగా 20 నిమిషాలు పొయ్యండి. గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. పేస్టు, సిరా, పసుపు, పేడ పెట్టకండి. పొక్కులు చిదపకండి. పెద్దగా కాలితే ఆసుపత్రికి పోవాలి.

అడగడం తప్పు కాదు

సబ్బు, రబ్బరు తొడుగులు, వేడి నీళ్లు, మంచి వెలుతురు ఉంటేనే ఈ పని సరిగా అవుతుంది. కూలికి చేసే అక్కచెల్లెళ్లు ఇవి కొట్టు యజమానిని అడగాలి. "మాకోసమే కాదన్నా, మీ కొట్టు పేరు కోసం కూడా" అని చెప్పాలి. కడిగే టైము కూడా పని టైమే. కొట్టు కట్టేశాక గంటసేపు కడిగితే ఆ గంట కూడా కూలిలో లెక్క వెయ్యాలి.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. 2011 ఆగస్టు నుంచి అమలవుతోంది. తిండి వండి అమ్మేవాళ్లు చోటును, సామాన్ను శుభ్రంగా ఉంచాలని ఆ చట్టం చెబుతుంది. శుభ్రంగా ఉంచడానికి కావలసినవి సమకూర్చడం కొట్టు నడిపేవాళ్ల బాధ్యత. ఈ మాట తెలిస్తే అడిగే గొంతుకు బలం వస్తుంది.

సొంతంగా బండి పెట్టుకున్నవాళ్లు సబ్బు, తొడుగుల ఖర్చును కూడా లెక్క పుస్తకంలో రాయండి. కోడి, మసాలా, గ్యాసు ఎలా ఖర్చో ఇదీ అలాంటి ఖర్చే. కోడి ధర కట్టేటప్పుడు దీన్ని కూడా కలపాలి. రోజుకు ఎవరు కడిగారో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. తేదీ వెయ్యండి. మన చదువు ఇక్కడ పనికొస్తుంది.

గుర్తు పెట్టుకుందాం

చువ్వ గోరువెచ్చగా ఉన్నప్పుడే కడగాలి. పొద్దుటికి వదలకూడదు.
మరలు విప్పి, అన్నీ విడదీసి కడగాలి.
గీకు, నానబెట్టు, తోము, కడుగు, కాగే నీళ్లలో ముంచు, ఆరబెట్టు. ఈ వరస తప్పకూడదు.
వైరు బ్రష్షు వాడకూడదు.
బ్లీచింగు, యాసిడ్డు కలపకూడదు.
మండే నూనె మీద నీళ్లు పొయ్యకూడదు.
పచ్చిదాని సామాను వేరు, కాలినదాని సామాను వేరు.

మీరు చెప్పండి

1. చువ్వలో మురికి ఎక్కువగా ఎక్కడ దాక్కుంటుంది?
2. రాత్రి 10 గంటలకు ఒక క్రిమి ఉంది. 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతుంది. 12 గంటలకు ఎన్ని అవుతాయి?
3. అల్యూమినియం ట్రేకు బట్టల సోడా ఎందుకు వాడకూడదు?
4. మీ ఊళ్లో తిండి కొట్లలో సామాను ఎవరు కడుగుతారు? వాళ్లకు తొడుగులు, వేడి నీళ్లు ఉన్నాయా? మీ సంఘంలో మాట్లాడుకోండి.